50 మీటర్ల దగ్గర అడ్డగీత

నా పాత ఫీల్డు నోట్‌బుక్కులో ఒక పేజీ ఉంది. ఎవరికైనా చూపించాలంటే ఇప్పటికీ సిగ్గే. 50 మీటర్ల నీటి నమూనా వరుస మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత, పక్కన "లేబుల్ తారుమారు" అని నా చేతి రాత.

పీహెచ్‌డీలో చేరాక బంగాళాఖాతంలో అది నా మొదటి ఓడ ప్రయాణం. ఈ సముద్రంలో ప్లవకాల ఉత్పత్తిని పెంచేది సుడులేనా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టి, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన ప్రసన్నకుమార్ బృందం 2004లో ఒక పరిశోధనా పత్రం వేసింది. నేనేమో ఆరు నెలలుగా ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని కూర్చున్నాను. సముద్ర మట్టాన్ని కొలిచే ఉపగ్రహం సుడి ఉందన్న చోట, నీటి రంగు చూసే ఉపగ్రహానికి పచ్చదనం కనిపించలేదు. ఇంకేం, పెద్దవాళ్లది తప్పని తేల్చి పేరు కొట్టేద్దామనుకున్నాను. మబ్బులు కమ్మి సగం చిత్రం కనబడని రోజుల్ని కూడా సగటులో కలిపేసి, ఓడెక్కకముందే ఆ అధ్యాయం సగం రాసేశాను.

సుడి అంటే పడవను మింగే గుండం కాదు. వంద, రెండు వందల కిలోమీటర్ల వెడల్పున, నెలల తరబడి నెమ్మదిగా తిరిగే నీరు. మనవైపు అపసవ్యంగా తిరిగే సుడి మధ్యలో సముద్రం పల్లమవుతుంది, అదీ మహా అయితే జానెడు. ఓడ మీద నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు.

ఆ రాత్రి షిఫ్టు నాది. సీసాల చట్రం పైకి రాగానే ఒక్కో లోతు నీటినీ వడపోత కాగితం మీదుగా పంపుతో లాగుతున్నాం. క్లోరోఫిల్ చెడకుండా గదిలో గుడ్డి దీపం. ఉపరితలం నీరు లాగిన కాగితం తెల్లగానే ఉంది. 10, 20 మీటర్లవీ అంతే. 50 మీటర్లది తీసి చూస్తే లేత పచ్చ, నానబెట్టిన పెసరపప్పు పొట్టు రంగు. వెలుతురు పైన ఉంటే పచ్చదనం కింద ఎలా ఉంటుంది? సీసాలు మారిపోయాయన్నాను.

"నెంబర్లు నేనే వేశానమ్మా, మారలేదు. ఇంకోసారి లాగి చూడు," అన్నాడు బాబాయ్. ఓడలో ల్యాబు పని చూసే ఆయన్ని అందరం అలాగే పిలిచేవాళ్లం. నేను పుట్టకముందు నుంచే ఆయన సముద్రం మీద ఉన్నాడు. అయినా నేను వినలేదు. సీసాలో ఇంకా నీళ్లున్నాయి, చేతిలో టైమూ ఉంది. పెన్ను తీసి గీత కొట్టేశాను.

పొద్దున కంప్యూటర్ గదిలో, నీళ్లలోకి దిగిన పరికరం గీసిన క్లోరోఫిల్ గీత చూశాను. పైనుంచి తిన్నగా దిగి, సరిగ్గా 50 మీటర్ల దగ్గర ముక్కులా ముందుకు పొడుచుకొచ్చి, మళ్లీ తగ్గిపోయింది. కాఫీ గ్లాసు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

జరిగింది ఇది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీరూ వానా కలిసి, పులుసు మీద నూనెలా, ఉత్తర బంగాళాఖాతం మీద తేలుతుంటాయి. అరేబియా సముద్రాన్ని నైరుతి గాలి బలంగా చిలికి కింది నైట్రేటును పైకి తెస్తుంది. ఇక్కడ గాలి అంత బలమైనది కాదు, పైగా ఆ తేలిక నీటి మూత అడ్డం. సుడి బలపడేటప్పుడు పై నీరు అంచులకు జరిగి, కింది చల్లని నీరు గుమ్మటంలా పైకి ఉబుకుతుంది. పోషకాలు దాంతోపాటే లేస్తాయి, కానీ మూత దాటలేక దాని కింద ఆగుతాయి. అక్కడికి చేరే ఆ కాస్త వెలుతురే ప్లవకాలకు చాలు. పైన వెలుతురుంది, తిండి లేదు. రంగు చూసే ఉపగ్రహానికి తేట నీటిలోనైనా పై ఇరవై మీటర్లో, ఇంకాస్తో తప్ప అందదు. ఉపరితలం వేడి కూడా సుడి లోపలా బయటా ఒకేలా ఉంది. 100 మీటర్ల లోతులో మాత్రం లోపలి నీరు చాలా చల్లగా ఉంది. నేను ఆరు నెలలు చూసింది మూతను.

ఆ తర్వాత రెండో తప్పూ చేశాను. ఈసారి ప్రతి సుడీ పచ్చనిదే అని రాసుకొచ్చాను. మా గైడ్ మేడం ఆ కాగితాలు తిరగేసి, "ఇది సవ్యంగా తిరిగేది కదమ్మా, పోషకాల్ని ఇంకా కిందికి నొక్కేస్తుంది. ఆ రెండోది ముసలి సుడి, ఉన్నదంతా ప్లవకాలు ఎప్పుడో తినేసి ఉంటాయి," అన్నారు. నేను సుడి వయసు లెక్కే వేయలేదు.

రాసిన అధ్యాయం మొత్తం తీసేశాను. కొట్టేసిన నమూనాను మళ్లీ కొలిచే వీల్లేకపోయింది. బాబాయ్ ఇంకోసారి లాగమన్న నీటిని ఆ రాత్రే సముద్రంలో పారబోశాను. కాగితాన్ని పాడైనవాటి డబ్బాలో వేశాను. నా థీసిస్‌లో ఆ స్టేషన్ పట్టికలో 50 మీటర్ల గడి ఖాళీగానే ఉంది.