ఒకే బడి, రెండు శిక్షలు

కోల్‌కతాలో నేను ఓటు వేసేది మా వీధి చివరనున్న ప్రాథమిక పాఠశాలలో. పోలింగు నాడు విధుల్లో ఉన్న అధికారులు, బలగాలు తప్ప మరెవరూ ఆ గేటు పరిసరాలకు ఆయుధంతో రావడానికి వీల్లేదు. ఎన్నికల వార్తలు రాయడం నా వృత్తి కనుక ఆ నిబంధన నాకు కంఠస్థం. ప్రజాప్రాతినిధ్య చట్టం 134బి సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, ఆయుధం జప్తు, లైసెన్సు రద్దు. రెండు రోజులు గడిచాక అదే గదిలో పిల్లలు కూర్చుంటారు. అప్పుడు వర్తించే నిబంధన ఏదని చాలాకాలం నేను ఆలోచించనే లేదు.

ఆలోచింపజేసింది మాల్దా. 2023 ఏప్రిల్ 26న పాత మాల్దాలోని ముచియా చంద్రమోహన్ హైస్కూల్లో ఒక వ్యక్తి తుపాకీతో తరగతి గదిలోకి ప్రవేశించి పిల్లలను నిర్బంధించాడు. డీఎస్పీ అజహరుద్దీన్ ఖాన్ యూనిఫారం విడిచి, మామూలు చొక్కాలో జనంలో కలిసిపోయి, అదను చూసి అతనిపైకి దూకారు. పిల్లలెవరికీ గాయాలు కాలేదు. ఆఫీసు టీవీలో ఆ దృశ్యాలు చూస్తున్నప్పుడు నాలోని విలేఖరి కాసేపు మాయమయ్యాడు. మా అమ్మాయి అప్పుడు బడిలో ఉంది. ఆ రాత్రి టెక్సాస్ నుంచి అక్క ఫోన్ చేసి, "అక్కడ కూడా మొదలైందేంట్రా?" అని అడిగింది. తలుపు గడియపెట్టి, దీపాలార్పి, మూల నక్కి కూర్చోవడం ఆమె పిల్లలకు బడిలో నేర్పే పాఠాల్లో ఒకటి.

అమెరికాలో పాఠశాల పరిసరాల్లో తుపాకులను నిషేధిస్తూ 1990లో చేసిన జాతీయ చట్టాన్ని 1995లో లోపెజ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ అధికారం జాతీయ చట్టసభది కాదన్నది తీర్పు సారాంశం. తర్వాత ఆ చట్టాన్ని సవరించి నిలబెట్టుకున్నా, అసలు బరువు ఇప్పటికీ రాష్ట్రాల చట్టాలదే. మన దగ్గర పరిస్థితి తలకిందులు. ఆయుధాలు కేంద్ర జాబితాలో ఐదో అంశం. శాంతిభద్రతలు, పోలీసులు మాత్రం రాష్ట్రం చేతిలో ఉన్నాయి.

మరి ఢిల్లీ చేసిన నిబంధన ఏది? వెతికితే అది తుపాకీ లైసెన్సు పత్రంలోని షరతుల్లో దొరికింది. జిల్లా మేజిస్ట్రేటు ప్రత్యేక అనుమతి లేకుండా జాతరకు, మతపరమైన ఊరేగింపుకు, బహిరంగ సభకు, విద్యాసంస్థ ఆవరణలోకి ఆయుధం తీసుకుపోరాదు. బడికి ఆ వరుసలో చివరి చోటు దక్కింది. షరతు మీరితే ఆయుధాల చట్టం 30వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2019లో పార్లమెంటు ఈ చట్టాన్ని కఠినతరం చేసింది. పెళ్లి సంబరాల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని చేర్చింది. 30వ సెక్షన్‌ను మాత్రం ముట్టుకోలేదు.

"బడిలోకి చొరబడేవాడు లైసెన్సు షరతులు చదివి వస్తాడా?" అని నా బెంగాలీ సహోద్యోగి నవ్వాడు. నిజమే. లైసెన్సు లేని తుపాకీకి వేరే సెక్షన్ ఉంది, రెండు నుంచి ఐదేళ్ల జైలు ఉంది. అయినా అది ఒక్కటే ఎవరినీ గుమ్మం దగ్గర ఆపదు. అలా అనుకుంటే 134బి కూడా ఎవరినీ ఆపకూడదు. ఎన్నికల వేళ ఆపేది సెక్షన్ ఒక్కటే కాదు, దాని వెనుక కదిలే యంత్రాంగం. తేదీ వెలువడగానే లైసెన్సుల జాబితా తిరగేస్తారు, తుపాకులు ఠాణాలో జమ చేయిస్తారు, అక్రమ ఆయుధాల కోసం సోదాలు జరుపుతారు, సమస్యాత్మక కేంద్రాలను గుర్తిస్తారు. వీటిలో చాలావరకు చేసేది రాష్ట్ర పోలీసులే. ఇందులో కొంతైనా బడి కోసం చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. శిక్షలోని తేడాను సరిదిద్దడం మాత్రం పార్లమెంటు పని.

ఇన్నేళ్లుగా నేను బూత్‌ల భద్రత గురించి ఎన్నో వార్తలు రాశాను. ఆ బూత్ మిగతా రోజుల్లో బడి అన్న సంగతి నాకూ స్ఫురించలేదు. ఓటరుకు ఇచ్చిన రక్షణ ఓటు లేని పిల్లలకు ఎందుకు లేదన్న ప్రశ్న నాయకుల కంటే ముందు నన్ను నేను వేసుకోవలసింది.