మేమూ, మా కారు బ్రేకులూ

సంపాదకులు ఈ సంచికకి "డాక్టర్లు కదా, ఆరోగ్యం మీద ఏదైనా రాయండి" అన్నారు. షుగరు గురించీ కొలెస్టరాలు గురించీ మా సాటి డాక్టర్లు ఇదివరకే రాసేశారు. మాకు మిగిలింది మా పిచ్చి ఒక్కటే. అంచేత ఈసారి బ్రేకుల గురించి రాస్తున్నాం.

ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో 'మేము' అంటే భార్యాభర్తలం ఇద్దరం. ఒకరు మత్తు డాక్టరు, ఒకరు పిల్లల డాక్టరు. కింద చెప్పబోయే సంఘటనలో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో, కంచె అవతల ఎవరు నిలబడ్డారో బయటికి చెప్పకూడదని మా ఇంట్లో ఒప్పందం. దయచేసి పిక్నిక్కులో అడగవద్దు.

రెసిడెన్సీ అయి, అప్పులు కొంత తీరాక, 2004 నాటి బి.ఎం.డబ్ల్యు. ఎం3 ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాం. రోడ్డు మీద దాన్ని తోలితే పోలీసులకి పని కల్పించడమే. కాబట్టి ట్రాక్ డేలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాం. ఇవి పందేలు కావు. బహుమతులుండవు. కార్ల క్లబ్బులు రేసు ట్రాకుని ఒకటి రెండు రోజులు అద్దెకి తీసుకుంటాయి. హెల్మెట్ పెట్టుకుని, మొదట్లో పక్కన గురువుగారిని కూర్చోబెట్టుకుని, ఇరవై ముప్ఫై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు తోలుతాం. అనుభవం వచ్చాక ఒంటరిగా పోనిస్తారు.

మాకు దగ్గరలో ఉన్నది వాట్కిన్స్ గ్లెన్. సెనెకా సరస్సు దక్షిణపు కొసన ఉన్న చిన్న ఊరు. అక్కడ 1948లో ఊరి వీధుల్లోనే కార్ల పందేలు మొదలయ్యాయి. ఇప్పుడున్న ట్రాకు 1956లో కట్టారు. 1961 నుంచి 1980 వరకు అమెరికా గ్రాండ్ ప్రీ జరిగింది ఇక్కడే. చుట్టూ లేతనీలం రంగు ఇనప కంచె. చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ 1973లో ఫ్రాన్స్వా సెవేర్, 1974లో హెల్ముత్ కోయినిగ్ ఆ ట్రాకు మీదనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. పొడుగాటి వెనక రోడ్డు చివర వేగం తగ్గించడానికి 1992లో ఒక మెలిక కట్టారు. దాన్ని ఇన్నర్ లూప్ అంటారు. మా కథ ఆ మెలిక దగ్గరిదే.

బ్రేకు చేసే పని ఒక్కటే: వేగాన్ని వేడిగా మార్చడం. మా కారు, మనిషి, పెట్రోలు కలిపి సుమారు 1,700 కిలోలనుకోండి. గంటకి 200 కిలోమీటర్ల నుంచి 100కి దించితే పుట్టే వేడితో ఆరు లీటర్ల చన్నీళ్ళు మరిగించవచ్చు. ఆ వేడంతా మూడు నాలుగు సెకన్లలో నాలుగు ఇనప డిస్కుల్లోకి వెళ్ళాలి. ఒక చుట్టు తిరిగేలోపు ఇలాంటి బ్రేకులు ఇంకా కొన్ని. డిస్కులు 500 డిగ్రీలు దాటడం మామూలే. శ్రీశైలం ఘాటు దిగే బస్సులో వచ్చే కాలిన వాసన మనందరికీ తెలిసిందే కదా, అదే వాసన!

ఇక సంగతికి వస్తాం. ట్రాకు ఎక్కే ముందు క్లబ్బు వాళ్ళు ఒక కాగితం ఇస్తారు. టైర్లు బాగున్నాయా, చక్రాల బోల్టులు బిగించారా, బ్రేకు ప్యాడ్లు ఎంత మందం ఉన్నాయి, బ్రేకు ఆయిలు ఆరు నెలల లోపు మార్చారా అని వరసగా గళ్ళు. రెండో ఏడాది వేసవిలో ఒక శుక్రవారం రాత్రి, డ్యూటీ దిగి వచ్చి, వంటింటి బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని గళ్ళన్నిటిలోనూ టిక్కులు కొట్టాం. ఒకరు చదివారు, ఒకరు టిక్కు పెట్టారు. ఆయిలు దగ్గర చదివినవారు ఒక క్షణం ఆగారు. "కొన్నప్పుడు మార్చాం కదా" అన్నారు రెండోవారు. కొన్నది రెండేళ్ళ క్రితం. అయినా టిక్కు పడింది, కింద సంతకం పడింది.

మర్నాడు రెండో విడతలోనే పెడలు కాస్త మెత్తబడింది. తోలుతున్నవారికి తెలిసింది. తెలిసీ, కంచె దగ్గర ఉన్నవారికి చెప్పలేదు. చెబితే "ఇవాల్టికి చాలు" అంటారని భయం. మూడో విడతలో ఆరో చుట్టు. ఇన్నర్ లూప్ ముందు కాలు వేస్తే పెడలు నేల దాకా దిగిపోయింది. మళ్ళీ వేస్తే సగం. మూడోసారి కొంచెం పట్టింది. మెలిక తిప్పే ఆశ వదులుకుని, కారుని తిన్నగా అవతలి ఖాళీ జాగాలోకి పోనిచ్చి, నీలం కంచెకి ఇంకా కొంత దూరం ఉండగా ఆపగలిగాం. కారుకి గీత పడలేదు.

కానీ ఇవతల నిలబడ్డవారు లెక్కపెడుతున్నారు. చుట్టుకి రెండున్నర నిమిషాలు. మన కారు రాలేదు. మన తరవాత వెళ్ళిన ఎర్ర కారు వచ్చింది, ఆ తరవాత తెల్లది వచ్చింది. చేతిలో మూడేళ్ళ పాప, "అమ్మా నాన్నా ఆట అయిపోయిందా?" అంటోంది. ఆ రెండు నిమిషాల గురించి మేము ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడుకోం.

ఆ సాయంత్రం మోటెలు గదిలో, రోగిని చూసినట్టే, లక్షణాలు రాసుకున్నాం. పెడలు గట్టిగానే ఉండి కారు మాత్రం ఆగకపోతే, జబ్బు ప్యాడ్లది. ప్యాడ్లని కలిపి ఉంచే పదార్థం వేడికి ఆవిరై, ప్యాడు డిస్కుని పట్టుకోదు. పక్కనున్న గట్లు ఎక్కి దిగిన తరవాత మొదటిసారి పెడలు లోతుకి పోయి, రెండోసారి మామూలుగా ఉంటే, చక్రం ఊగి ప్యాడ్లని వెనక్కి నెట్టిందని అర్థం, బేరింగులు చూసుకోవాలి. అలా కాకుండా పెడలు చుట్టుచుట్టుకీ మెత్తబడుతూ చివరికి నేలకి దిగితే ఆయిలు మరిగిందన్నమాట. మాది ఈ మూడోది.

బ్రేకు ఆయిలుకి గాలిలోని తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 అనే రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. దానిలో నూటికి 3.7 పాళ్ళు నీరు చేరితే ఆ ప్రమాణమే 155కి పడిపోతుంది. ఆయిలుని నొక్కితే కుంచించుకుపోదు, అందుకే పాదం బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి మాత్రం కుంచించుకుపోతుంది. ఒక్క బుడగ చాలు. ఆపరేషను థియేటరులో ధమని ఒత్తిడి చూసే గొట్టంలో చిన్న గాలిబుడగ ఉన్నా తెర మీద అల చదునైపోతుందని మాలో ఒకరు రోజూ జూనియర్లకి పాఠం చెబుతారు. అదే పాఠం మా కారుకి చెప్పలేదు.

ఇంటికొచ్చాక మాలో ఒకరి నాన్నగారికి ఫోనులో చెప్పాం. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరై ఒంగోలులో ఉంటున్నారు. కోప్పడతారనుకున్నాం. కోప్పడలేదు. "మా బస్సుకి గాలి ఉంటేనే బ్రేకు, మీ కారుకి గాలి చేరితే బ్రేకు లేదు, అంతే తేడా" అని నవ్వారు. తరవాత నెమ్మదిగా అన్నారు: "డ్రైవరు లాగ్ షీటులో బ్రేకు బాగాలేదని రాస్తే మేం చూసేదాకా బండి గేటు దాటేది కాదమ్మా. మీ దగ్గర తోలేదీ మీరే, సంతకం పెట్టేదీ మీరే. మరి బండి ఆపేదెవరు?"

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. మందులు వేసుకున్నామని అబద్ధం చెప్పే రోగుల్ని మేము ఎంత విసుక్కున్నామో మాత్రం గుర్తొచ్చింది.

ఇక మార్పుల సంగతి. స్నేహితులు వెంటనే పెద్ద డిస్కులూ, రంగురంగుల ఆరు పిస్టన్ల క్యాలిపర్లూ కొనమన్నారు. కొన్ని వేల డాలర్ల పని. మేము కొనలేదు. మా పాత బ్రేకులే గట్టిగా తొక్కితే ఏ.బి.ఎస్. పనిచేసేంత బలంగా ఉన్నాయి. అంటే కారుని ఇంకా తొందరగా ఆపనివ్వనిది టైరు పట్టే గానీ బ్రేకు బలం కాదు. పెద్ద డిస్కుల అసలు లాభం వేడిని దాచుకునే శక్తి. అదీ ముందు చక్రాలకి మాత్రమే లెక్క చూసుకోకుండా పెద్దవి వేస్తే ముందు వెనకల తూకం చెడుతుంది.

మేము చేసినవి ఇవి. మొదటిది, 300 డిగ్రీలు దాటాక గాని మరగని రేసు ఆయిలు. ఒక కుటుంబం హోటల్లో భోజనం చేసే ఖర్చు. రెండోది, ట్రాకు ప్యాడ్లు. ఇవి వేడెక్కితేనే బాగా పట్టుతాయి, చల్లగా ఉంటే కీచుమంటాయి. ఒకసారి మార్చకుండా డ్యూటీకి వెళితే పార్కింగు గార్డు తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు! కొత్త ప్యాడ్లు వేశాక, పూర్తిగా ఆపకుండా పదేపదే వేగం దించుతూ డిస్కు మీద సమానమైన పొర పట్టనివ్వాలి. 'డిస్కు వంకరపోయింది' అని చాలామంది అనేది చాలాసార్లు ఈ పొర అక్కడక్కడా మందంగా పట్టడమే. మూడోది, ముందు బంపరు నుంచి డిస్కు మధ్యకి గాలి తెచ్చే గొట్టాలు. నాలుగోది, పాత రబ్బరు గొట్టాల చోట ఉక్కు అల్లిక ఉన్న గొట్టాలు.

ఖర్చు లేనివి ఇంకా ఉన్నాయి. చివరి చుట్టు బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా తిరగాలి. ఆగాక హ్యాండు బ్రేకు వేయకుండా, మన లారీల వాళ్ళలాగే చక్రం కింద అడ్డు పెట్టాలి.  డిస్కు మీద సన్నని వెంట్రుక గీతలు ఫరవాలేదు గాని, గీత అంచుదాకా వస్తే ఆ డిస్కు చెత్తకుండీకే.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి తీయడం. మెకానిక్కులు దీన్ని బ్లీడింగు అంటారు. మా వృత్తిలో ఆ మాట వింటే గుండె జారుతుంది. ప్రతి ట్రాక్ డేకీ ముందు గురువారం రాత్రి, పాప పడుకున్నాక, గరాజులో ఈ పని చేస్తాం. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడలు దగ్గర, ఒకరు చక్రం దగ్గర పడుకుని. మాస్టరు సిలిండరుకి దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి ముందుకి వస్తాం. పెడలు మెల్లగా నొక్కితే, కింద ఉన్నవారు నిప్పులు వదులు చేస్తారు. పాత ఆయిలు బుడగలతో సహా సీసాలోకి పోతుంది. నిప్పులు బిగించేదాకా పెడలు వదలకూడదు. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది, చేసిందంతా వృథా.

"నొక్కు." "నొక్కాను." "పట్టు." "పట్టాను." "వదులు." ఇంతకు మించి మాటలుండవు. 'అండీ'లకి అక్కడ చోటు లేదు. పైనున్నవారికి చక్రం కనబడదు, కిందున్నవారికి పెడలు కనబడదు. అవతలివారు చెప్పిన మాట నిజమని నమ్మడమే పని.

ఇప్పుడు కాగితం మీద ఆయిలు గడిలో టిక్కు పెట్టం. తేదీ వేస్తాం. తోలేవారు కాకుండా రెండోవారు సంతకం పెడతారు. పెడలు వెంట్రుకవాసి మెత్తబడినా వెంటనే చెప్పాలి, చెప్పినరోజు బండి గేటు దాటకూడదు అన్నది మా డిపో రూలు. గత సెప్టెంబరులో ఒకసారి అలాగే రెండో విడతకే ఇంటిముఖం పట్టాం. డబ్బు పోయింది. దారిలో సరస్సు ఒడ్డున ఆగి పాపకి ఐస్‌క్రీము కొనిపెట్టాం. బ్రేకులు కొంచెం కీచుమన్నాయి గాని, ఆగాల్సిన చోటే ఆగాం.