వగరుకు మార్కులు

మా అన్న వైన్ల పరీక్షకు ప్రిపేరైంది సంతోష్‌నగర్‌లో, పాలు పోయని చాయ్‌తో. నవ్వకండి. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఒక పెద్ద హోటల్లో చేస్తున్నాడు. డబ్ల్యూఎస్‌ఈటీ అనే లండన్ సంస్థ లెవెల్ 3 పరీక్షకు ఫీజు కట్టాడు. ముందు రెండు గ్లాసులు పెడతారు, ఏ వైనో చెప్పరు. అరగంటలో రంగు, వాసన, పులుపు, వగరు, నాణ్యత అన్నీ రాయాలి. కానీ ఇంట్లో సీసా కనపడొద్దని అమ్మ ఆర్డర్. చుట్టాలు అడిగితే "హోటల్ల అకౌంట్స్ చూస్తడు" అని చెప్పేది.

అందుకే డికాక్షన్. ఒకే చాయ్‌పత్తా, మూడు కప్పులు: రెండు నిమిషాలు మరిగింది, ఐదు, పది. నాకింకా 21 రాలేదు, మన రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు, కాబట్టి నా చదువు ఆ కప్పుల వరకే. పది నిమిషాలది తాగితే నాలుక గరుకవుతుంది, చిగుళ్లు బిగుసుకుంటాయి. టానిన్లు ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టేసి నోట్లో జారుడు తీసేస్తాయి. సైన్సు దీన్ని రుచి కాదు, స్పర్శ అంటుంది. మనం మాత్రం ఉగాది పచ్చడిలో వగరును కూడా ఒక రుచిగానే లెక్కేసి తింటాం.

అన్నను ఏడిపించేది బరోలో. పీడ్‌మాంట్ కొండల్లో నెబ్బియోలో ద్రాక్షతో చేస్తారు. కనీసం 38 నెలలు ఉంచాకే అమ్మాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. చూపుకు పలచన, వగరు మాత్రం భయంకరం. రంగు చూసి తేలిక వైన్ అని రాశామో, మునిగినట్టే. అమరోనే అలా కాదు. ద్రాక్షను నెలల తరబడి ఆరబెట్టి చేస్తారు కాబట్టి ఎండుపండ్ల వాసన కొడుతుంది, ఎవరైనా పట్టేస్తారు. (అన్న మాట, నాది కాదు.)

మొన్న తాత కళ్లు చూపించుకోవడానికి నల్గొండ నుంచి వచ్చాడు. నలభై ఏళ్లు మోకు కట్టి తాటిచెట్లెక్కిన మనిషి. అమ్మ గుడికి పోయిన టైం చూసి అన్న బ్యాగులోంచి చిన్న సీసా తీశాడు. ట్రైనింగ్‌లో మిగిలిన 2016 బరోలో, రెండు గుక్కలు. తాత గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు.

"నీళ్లు గలిపిండ్రారా?"

నోట్లో పోసుకుని చాలాసేపు మాట్లాడలేదు. "లే, అసలుదే. పట్టుకున్నది ఇడుస్తలేదు." ఎప్పటిదని అడిగాడు. చెబితే నవ్వాడు. ఆయన పొద్దున దించిన కల్లు సాయంత్రానికే పులిసిపోయేది మరి. "అయినా తొందరపడి తీసిండ్రు. ఇంకొన్నేండ్లు ఉండనియ్యాలె."

అన్న ఏమీ అనకుండా నోట్‌బుక్ నా ముందు పెట్టాడు. తను ముందే రాసుకున్న చివరి లైను: ఇప్పుడు తాగొచ్చు, ఇంకా నిల్వ ఉంచితే మంచిది.

తల తిప్పితే గుమ్మంలో అమ్మ. ఎప్పుడొచ్చిందో! తాత ముందు గొడవెందుకని కాబోలు, మాట్లాడకుండా గ్లాసు తీసుకుని కడగడానికి పోతోంది. పోతూ పోతూ ఆగి, వాసన చూసింది.

"గిదేందిరా, పాన్‌డబ్బా గుల్కంద్ లెక్క?"

బరోలోలో గులాబీ వాసన వస్తుందని పుస్తకంలో ఉంది. అన్నకు మాత్రం ఆ గ్లాసులో దొరకలేదు, నోట్‌బుక్‌లో ఆ గడి ఖాళీగానే ఉంది. గుల్కంద్ అంటే పరీక్షలో ఒప్పుకోరట, గులాబీ అనే రాయాలట. అన్న రెండూ రాసుకున్నాడు.

పరీక్ష వచ్చే నెల. చుట్టాలకు అమ్మ ఇంకా అకౌంట్స్ అనే చెబుతోంది.