అరకు దారిలో టీ బడ్డీ

మా నాన్నగారి అంబాసిడరు 1965 నాటిది. కొన్న ఏడాదే అమ్మను అందులో అరకు తీసుకువెళ్ళారట. ఎనభై దాటిన అమ్మ కిందటి మార్గశిరంలో, "ఆ బండిలోనే ఇంకొక్కసారి చూపించరా" అన్నది. ఇక తప్పుతుందా! తెల్లవారకుండానే విశాఖపట్నంలో బయలుదేరాం.

శృంగవరపుకోట దాటింది, బొడ్డవర దగ్గర కొండలు మొదలైనాయి. బండి దర్జాగా ఎక్కింది. టైడలో ఆగి, తెచ్చుకున్న పులిహోర తిని, గంటసేపు కూచున్నాం. మళ్ళీ కదిలి నాలుగు మలుపులు తిరిగామో లేదో, బానెట్టు సందుల్లోంచి ఒకటే ఆవిరి. లోయనిండా మంచు, మా ముందు పొగ! ఎదురుగా ఓ టీ బడ్డీ ఉండబట్టి అమ్మకు కూచునే చోటన్నా దొరికింది. కాని ఆమె మొహం చిన్నబోయింది.

బడ్డీలో టీ తాగుతున్న ముసలి జీపు డ్రైవరు లేచి వచ్చాడు. నేను రేడియేటరు మూతమీద చెయ్యి వెయ్యబోతే, "ఆగు బాబూ, మొహం కాలిపోద్ది" అని గద్దించాడు. కింది గొట్టం పట్టుకు చూసి, "ఇంజను ఉడుకుతోంది, ఇది చల్లగుంది. నీళ్ళు తిరగట్లేదు. వాల్వు బిగుసుకుంది" అన్నాడు.

ఆయన వాల్వు అన్నది థర్మోస్టాట్‌ను. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని, నీళ్ళను రేడియేటరుకు పోనివ్వదు. వేడెక్కితే లోపలి మైనం కరిగి, ఉబ్బి, తలుపు తెరుస్తుంది. పూర్వం మైనానికి బదులు చిన్న తిత్తి ఉండేది. అది చిల్లిపడితే తలుపు సాధారణంగా తెరుచుకునే ఉండిపోయేది, బండి ఉడికేది కాదు. నాది మైనంది. టైడలో చల్లారినప్పుడు మూసుకున్నది, మళ్ళీ తెరుచుకోలేదు.

చల్లారాక విప్పాం. బడ్డీ ఆసామి టీ గిన్నె ఇవ్వనన్నాడు (న్యాయమే), ఓ తుప్పు డబ్బా ఇచ్చాడు. అడుగు తగలకుండా తీగతో వేలాడదీసి మరిగించాం. ఆ ఎత్తున నీళ్ళు నూరుకు రెండు మూడు డిగ్రీలు తక్కువలోనే మరుగుతాయి. అయినా 82కు తెరుచుకోవలసిన తలుపుకు అది చాలదూ? నీళ్ళు తెర్లుతున్నాయి, అది మూతి బిగించుకునే ఉంది. నిరుడు దుకాణంలోంచి తెచ్చి, పరీక్షించకుండానే బిగించినవాణ్ణి నేనే. ఎవర్నని ఏం లాభం?

పులిహోర తెచ్చిన అట్టపెట్టె కత్తిరించి, గ్రీజు రాసి, గాస్కెట్ చేశాం. వాల్వు లేకుండానే అరకు చేరాం. అమ్మ సాయంత్రందాకా ఆ కొండలను చూస్తూ కూచుంది.

మర్నాడు ఆ చలిలో ఇంజను వేడెక్కితేనా! చోక్ లాగితే తుమ్ములు, వదిలితే ఆగటం. "మన ఎండలకు వాల్వెందుకండీ" అనే మెకానిక్కులు చాలామంది ఉన్నారు. ఇంజను చల్లగా నడిస్తే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. ఖర్చు పెరుగుతుంది, కొంత ఆయిల్లోకీ దిగుతుంది.

ఇంటికొచ్చి కొత్తది కొని, ఈసారి థర్మామీటరు పెట్టి చూశాను. 81 దగ్గర కదిలింది, 93కు బార్లా తెరుచుకుంది. పొయ్యి ఆర్పాక మెల్లగా మూసుకుంది కూడా. అప్పుడు బిగించాను.

అమ్మ ఇప్పుడు లంబసింగి అంటోంది.