ఎనిమిది అక్షరాల నరసింహులు

తొంభైల్లో అనంతపురం సుభాష్ రోడ్డు వెనక సందులో మా మామకు డీటీపీ సెంటరు ఉండేది. డాస్ మీద విండోస్ 3.1, అందులో పేజ్‌మేకర్. వేరుశనగ చేతికొచ్చిన ఏడు మాఘమాసమంతా శుభలేఖలే. వాన మొహం చాటేసిన ఏడు పెళ్లిళ్ల డైరెక్టరీ సన్నబడి, కరువు సాయం అర్జీల డైరెక్టరీ లావయ్యేది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని సీమ మాది.

డాస్‌లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే, చుక్క తర్వాత ఇంకో మూడు. ఇంగ్లిష్ స్పెల్లింగులో హిందూపూర్, గుంతకల్, రాయదుర్గ్ సరిగ్గా ఎనిమిదిలో ఇమిడేవి. ఉరవకొండకు తోక తెగేది. కదిరి స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఎందరో! పెళ్లికొడుకు నరసింహులైనా, నరసింహయ్యైనా, నరసింహారెడ్డైనా మా కంప్యూటర్లో మాత్రం ‘నరసింహ్’. అందుకే మామ ఏడాదికో డైరెక్టరీ, అందులో ఊరికొకటి పెట్టినాడు.

వేసవి సెలవుల్లో నా పని, గోడకు అంటించే ఫైళ్ల పట్టిక. డిర్‌కు /ఎస్ /బి తగిలిస్తే డ్రైవు మొదలుకొని ఫైలు దాకా దారంతా వరుసకొకటి వచ్చేది. దాన్ని టెక్స్ట్ ఫైల్లోకి మళ్లించి, డాస్‌తోపాటే వచ్చిన క్యూబేసిక్‌లో పేరు కత్తిరించాలి. ముందు నుంచి వెతికే ఇన్‌స్టర్ ఉంది గానీ, వెనక నుంచి వెతికేది ఆ భాషలో లేదు. ఫర్ లూపును స్టెప్ మైనస్ ఒకటితో వెనక్కి నడిపి, మిడ్‌తో ఒక్కో అక్షరమూ తీసి చూస్తూ, \ గీత తగలగానే ఆగి, దాని కుడిపక్కది తీసుకోవడమే. (ఈ గీత ఎడమకు వాలడానికీ కారణముంది. 1983లో డాస్ 2.0తో డైరెక్టరీలు వచ్చేసరికే కుడికి వాలే / గీతను కమాండ్ల స్విచ్చులు ఆక్రమించేసినాయి.)

మామ ముందే హెచ్చరించినాడు: “ఊరు గూడా రావల్లరా అల్లుడా! లేకుంటే యా నరసింహులని యాడ ఎతుక్కునేది?” లూపు రెండో గీత దాకా నడిచింది.

ఇప్పుడు పైథాన్‌లో ఓఎస్.పాత్.బేస్‌నేమ్ అంటే చాలు. చిక్కల్లా, దారి చివర గీత మిగిలిపోతే అది ఖాళీ చెయ్యి చూపిస్తుంది. అదే పేరున్న యూనిక్స్ కమాండు ఆ గీతను తుడిచేసి పేరిస్తుంది. 2014లో పైథాన్ 3.4తో వచ్చిన పాత్‌లిబ్‌కూ ఆ గీతతో పేచీ లేదు. పైగా నేమ్ పక్కనే పేరెంట్ కూడా ఇస్తుంది. మా మామ లెక్కకు సరిపోయేది అదే.