చంద్లాపూర్ నుంచి కౌలాలంపూర్ దాకా

మీరెప్పుడైనా సిద్దిపేట వైపు వచ్చారా? హైదరాబాదులో బస్సెక్కి రాజీవ్ రహదారి మీద వస్తే దాదాపు వంద కిలోమీటర్లు. 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చింది. సిద్దిపేటలో దిగి చిన్నకోడూరు మండలం వైపు కొంచెం దూరం పోతే మా చంద్లాపూర్ వస్తుంది. గుట్ట మీద రంగనాయకస్వామి గుడి, దాని చుట్టుపక్కల ఇప్పుడు కనుచూపు మేర నీళ్ళు. ఆ స్వామి పేరు మీదే రిజర్వాయరుకు రంగనాయకసాగర్ అని పేరు పెట్టారు. మూడు టీఎంసీల నీళ్ళు పడతాయి. ఆదివారం వచ్చిందంటే కట్ట మీద పిల్లాపాపలతో జనం, మొక్కజొన్న కంకులు కాల్చే బండ్లు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇవేవీ లేవు. బోర్లు ఎండిపోతే బిందె పట్టుకుని వరసలో నిలబడ్డ రోజులే ఎక్కువ గుర్తు. 2020 ఏప్రిల్ 24న, లాక్‌డౌన్ నడుస్తుండగా, ఇక్కడి పంపుహౌసు మోటార్లు ఆన్ చేసి గోదావరి నీళ్ళు రిజర్వాయరులోకి వదిలారు. అదే వేసవిలో మా ఇంటికి ఇంకొకటి వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పెద్దమ్మాయి, అల్లుడు పెట్టెలు సర్దుకుని ఇంటికొచ్చారు. మిరపకాయలు ఎండబోసుకునే గదిలో బల్ల వేసి, అమ్మాయి అక్కడే ఆఫీసు పెట్టేసింది. వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న మాట మా వీధిలో అందరికీ నోరు తిరిగింది అప్పుడే.

ఆ బల్ల మీదనే మూడేళ్ళ తర్వాత వీసా కాగితాలు పరిచింది. నేను మీతో చెప్పాలనుకున్నది ఆ వీసా సంగతే.

వీసా అంటే మాకు తెలిసిన అర్థం

మా వైపు వీసా అంటే ఉద్యోగమనే అర్థం. "ఫలానా వాళ్ళ అబ్బాయికి వీసా వచ్చింది" అంటే దుబాయిలోనో, సౌదీలోనో పని దొరికిందని. "వీసా కొన్నాడు" అని కూడా అంటారు. ఏజెంటుకు డబ్బు కట్టి పని సంపాదించాడని దాని అర్థం. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, మెదక్, ఆదిలాబాద్ పల్లెల్లోని మగవాళ్ళు ఇట్లాగే గల్ఫ్ దేశాలకు పోయారు. 2016లో జిల్లాలు విడిపోయే దాకా మా సిద్దిపేట కూడా మెదక్ జిల్లాలోనే ఉండేది.

మా తమ్ముడు కూడా అట్లానే పోయాడు. వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టాడు. ఆ అప్పు తీరడానికే రెండేళ్ళు పట్టింది. అక్కడ యజమాని పేరు మీద వీసా. ఆయన దగ్గర తప్ప ఇంకొకచోట పనిచేయడానికి లేదు, పని మానేస్తే ఉండడానికి లేదు. మరదలు, పిల్లలు ఇక్కడే. వాళ్ళను తీసుకుపోవాలంటే జీతం ఇంత ఉండాలని లెక్క. క్యాంపులో గదికి ఎనిమిది మంది. కొడుకు పుట్టినప్పుడు ఫొటోలోనే చూసుకున్నాడు. అందుకే మా అమ్మాయి "అమ్మా, వీసాకు పెడుతున్నా" అనగానే నా గుండె గుభేలుమంది.

"ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటవా ఏందే?" అన్నాను.

"ఉద్యోగం పోదమ్మా. నా వెంటే వస్తది" అంది.

ఈ కొత్త వీసా ఏమిటి?

నేను ఇంటర్ దాకానే చదివాను. నాకర్థమైనట్టు చెబుతాను. మీకు ఉద్యోగం ఒక దేశంలో ఉంటుంది. కంప్యూటరు, ఇంటర్నెట్ ఉంటే ఎక్కడి నుంచైనా చేయగల పని అది. ఇంకొక దేశం, "మా దగ్గర ఉండండి, మీ పని మీరు చేసుకోండి, మా వాళ్ళ ఉద్యోగాల జోలికి మాత్రం రావద్దు" అని కొన్నాళ్ళు ఉండనిస్తుంది. దీన్ని డిజిటల్ నోమాడ్ వీసా అంటున్నారు. నోమాడ్ అంటే దేశదిమ్మరి, సంచారి అని. మన గొల్లలు మేత కోసం మందను తోలుకుపోయినట్టు వీళ్ళు లాప్‌టాప్ పట్టుకుని పోతారన్నమాట!

కరోనా తర్వాతే ఇవి పెరిగాయి. 2020లో బార్బడోస్ అనే చిన్న ద్వీపదేశం, యూరప్‌లో ఎస్తోనియా మొదలుపెట్టాయి. 2021లో యూఏఈ, 2022లో పోర్చుగల్, మలేషియా, 2023లో స్పెయిన్, 2024లో థాయిలాండ్ ఇటువంటివే తెచ్చాయి. ప్రతి దేశానికీ ఒక ఆదాయం గీత ఉంది. యూఏఈ వాళ్ళు నెలకు 3,500 డాలర్లు చూపించమన్నారు, అంటే మన డబ్బులో మూడు లక్షల దాకా. థాయిలాండ్ వాళ్ళు బ్యాంకులో 5 లక్షల బాత్‌లు ఉండాలన్నారు. మలేషియా వాళ్ళు కంప్యూటర్ రంగంలో ఉన్నవాళ్ళకు ఏడాదికి 24,000 డాలర్లు చాలన్నారు. నెలకు లెక్కేస్తే లక్షా డెబ్బై వేల పైచిలుకు. మా అమ్మాయి జీతం ఆ గీత దాటింది. అందుకే మలేషియా.

అక్కడ ఈ పథకాన్ని డీఈ రాంటావ్ అంటారు. 3 నెలల నుంచి 12 నెలల దాకా ఇస్తారు, ఇంకో 12 నెలలు పొడిగించుకోవచ్చు. భర్తను, పిల్లలను తీసుకుపోవచ్చు. దరఖాస్తు రుసుము వెయ్యి రింగిట్లు, వెంట వచ్చే ఒక్కొక్కరికి ఐదు వందలు. రింగిట్ ఇరవై రూపాయలనుకుంటే వేసుకోండి లెక్క.

ఇంట్లో పంచాయితీ

అసలు చిక్కు డబ్బు దగ్గర రాలేదు. దరఖాస్తులో పేరు అమ్మాయిది. అల్లుడు, నాలుగేళ్ళ మనవడు ఆమె మీద ఆధారపడ్డవాళ్ళుగా వెంట పోతారు. అల్లుడు ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఆ ఉద్యోగం వదిలేసి పోవాలి, అక్కడ ఉద్యోగం చేయడానికి లేదు. "భార్య వీసా మీద మొగుడు పోతడా?" అని మా వియ్యపురాలు మొహం మాడ్చుకుంది. వీధిలో వాళ్ళు నవ్వారు. ఇదే మాట మగపిల్లవాడి వీసా మీద కోడలు పోతుంటే ఎవరైనా అంటారా, మీరే చెప్పండి. నాకూ మొదట మనసొప్పలేదు. అల్లుడే అన్నాడు: "అత్తమ్మా, ఏడాది పాటు కొడుకును నేను చూసుకుంటా. మీ తమ్ముడికి ఆ భాగ్యం దొరకలేదు కదా." దానికి ఇక ఎవరం మాట్లాడలేదు.

ఇంకొక మాట కూడా అడిగాను. ఇక్కడ కూర్చుని చేసే పనికి అంత దూరం ఎందుకని. "మామ పని కోసం పోయిండు. నేను చూడడానికి పోతున్న" అంది అమ్మాయి.

కాగితాలు ఎట్లా జమ చేశామంటే

మొదటిది కంపెనీ అనుమతి. ఇంటి నుంచి పని చేయనిస్తారు కదా, విదేశం నుంచి కూడా చేయనిస్తారులే అనుకోవద్దు. పన్నులు, సమాచార భద్రత అని చాలా కంపెనీలు ఒప్పుకోవు. మా అమ్మాయికి రాతపూర్వకంగా అనుమతి రావడానికే రెండు నెలలు పట్టింది. తర్వాత ఉద్యోగ ఒప్పందం, మూడు నెలల జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆరోగ్య బీమా. సత్ప్రవర్తనకు పోలీసు క్లియరెన్స్ తీసుకుంది. 2022 సెప్టెంబరు చివర నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా దీనికి పెట్టుకోవచ్చు. సిద్దిపేటలోనే పని అయింది, సికింద్రాబాదు దాకా తిరిగే బాధ తప్పింది.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా వచ్చే తిప్పలు రెండున్నాయి. ఒకటి ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, ఆధార్‌లో పెళ్ళయ్యాక మారిన ఇంటిపేరు. ఇవన్నీ ఒక్కరే అని నమ్మించడం బయటి దేశం వాళ్ళకు కష్టం. రెండోది పెళ్ళి రిజిస్ట్రేషన్. ఫంక్షన్ హాల్లో వెయ్యి మందికి భోజనాలు పెడతాం, రిజిస్ట్రేషన్ మాత్రం మరిచిపోతాం. ఆల్బమ్ చూపిస్తే వీసా రాదు. పెళ్ళైన ఐదేళ్ళకు మా అమ్మాయి వాళ్ళు శుభలేఖ, సాక్షులు పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకు పోయారు. మీ ఇంట్లో పెళ్ళి జరిగితే వడిబియ్యం అయిన వారానికే ఈ పని చేయించండి.

పొలం కాగితాలు ఆగాయి

ఇదంతా నడుస్తుండగా మా చెల్లె ఒకనాడు వచ్చింది. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుకుకు "ఆన్‌లైన్ పని వీసా" ఇప్పిస్తానని ఒక ఏజెంటు రెండు లక్షలు అడిగాడట. అక్కడికి పోయాక పని అదే దొరుకుతుందన్నాడట. ఎకరం పొలం తాకట్టు పెట్టడానికి కాగితాలు సంచిలో పెట్టుకుని తిరుగుతోంది.

నేను మా అమ్మాయి కాగితాల జాబితా తెచ్చి దాని ముందు పెట్టాను. "చూడవే, మొదటి వరసలోనే ఉద్యోగ ఒప్పందం అడిగిండ్రు. మూడు నెలల జీతం చూపించమన్నరు. నీ కొడుకుకు ఉద్యోగమే లేదు, ఏం చూపిస్తడు?" అన్నాను. ఈ వీసా పని ఇవ్వదు, పని ఉన్నవాళ్ళను ఉండనిస్తుంది, అంతే. పాత అలవాటు కొద్దీ వీసా అంటే ఉద్యోగమనుకునే మనలాంటి వాళ్ళ దగ్గరే ఇటువంటి బేరాలు సాగుతాయి. చెల్లె రాత్రంతా ఏడ్చింది గానీ, తెల్లారి పొలం కాగితాలు మళ్ళీ బీరువాలో పెట్టింది. పిల్లవాడు ఇప్పుడు సిద్దిపేటలో అకౌంట్స్ నేర్చుకుంటూ చిన్న జీతానికి చేస్తున్నాడు.

కౌలాలంపూర్‌లో పదిహేను రోజులు

2023 డిసెంబరు 1 నుంచి మలేషియా భారతీయులకు 30 రోజుల దాకా వీసా లేకుండా వచ్చి చూసిపోయే వీలిచ్చింది. అమ్మాయి వాళ్ళు వెళ్ళిన కొన్నాళ్ళకు నేనూ, మా ఆయనా అట్లా పోయొచ్చాం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ తొమ్మిదిన్నరకు మొదలయ్యే ఆఫీసు అక్కడ పన్నెండింటికి. పొద్దుటి పూటంతా బిడ్డ మాతోనే. బతు గుహల దగ్గర 272 మెట్లెక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూశాం. బ్రిక్‌ఫీల్డ్స్ అనే పేటలో కరివేపాకు, మునక్కాయలు, పూలదండలు అన్నీ దొరుకుతాయి.

అక్కడ మన తెలుగువాళ్ళు ఇప్పటివాళ్ళు కాదు. తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తోటల్లో కూలికి పోయినవాళ్ళ సంతతి ఉన్నారు. 1955లోనే సంఘం పెట్టుకుని ఉగాది చేసుకుంటూ, పిల్లలకు తెలుగు నేర్పుకుంటున్నారు. వాళ్ళ తాతలు ఓడల్లో పోయారు, మా తమ్ముడు అప్పు చేసి పోయాడు, మా బిడ్డ జీతం వెంటేసుకుని పోయింది. దేశం దాటడంలో ఎన్ని రకాలు!

కొన్ని ఇంటి విషయాలు కూడా చెప్పాలి. అక్కడి ప్లగ్గులకు మూడు చదరపు పుల్లలుంటాయి, మన మిక్సీకి అడాప్టరు కొనాలి. వాన తరచుగా సాయంత్రాలు కురుస్తుంది, బట్టలు పొద్దున్నే ఆరేయాలి. అల్లుడు ఇవన్నీ నాకంటే బాగా నేర్చుకున్నాడు. పప్పుచారు కూడా!

మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా బయలుదేరితే నాలుగు మాటలు అడగండి. కంపెనీ కాగితం మీద ఒప్పుకుందా? బీమా ఉందా? 182 రోజులు దాటి ఉంటే పన్ను ఏ దేశంలో కట్టాలో ఆడిటరును అడిగారా? గడువయ్యాక తిరిగొస్తే ఉద్యోగం ఉంటుందా? నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ దేశం ప్రభుత్వం చెప్పిందే చూసుకోండి. మామూలు గల్ఫ్ ఉద్యోగమైతే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్‌లో తెలుస్తుంది. ఎవరైనా డబ్బు కట్టండి, వీసాతో పాటు ఆన్‌లైన్ పని కూడా ఇప్పిస్తామంటే మాత్రం, పొలం కాగితాలు బీరువాలోంచి తీయకండి.