మే మెక్కిన యేనుగు

గత వేసవి సెలవులలో మావారితోను, అత్తగారితోను, పదేండ్ల మా అమ్మాయితోను గలసి మేము థాయిలాండు చూచి వచ్చితిమి. పూర్వ మీ దేశమునకు సయామని పేరు. హైదరాబాదులో విమాన మెక్కినచో నాలుగు గంటలలోపల బాంకాకు నగరమున దిగవచ్చును. యాత్ర చేయదలచు సోదరీమణుల కుపయోగపడునని మేము చూచినది, తిన్నది, చేసినది యిందు వ్రాయుచున్నాము. చేసినదానిలో నొక పొరపాటును గలదు. దానినే ముఖ్యముగా జెప్పవలసియున్నది.

మొదటి దినమున రాజప్రాసాదపు ఆవరణలోని మరకత బుద్ధుని యాలయమునకు బోయితిమి. దాని చుట్టునున్న మండపపు గోడలపై 178 చిత్రములలో రామకథ వ్రాయబడియున్నది. ఆ దేశీయులు రామాయణమును రామకియెన్ అందురు. 1797లో మొదటి రామ బిరుదముగల రాజు దానిని గ్రంథముగా గూర్పించెను. అత్తగారు చేతులు జోడించి యొక్కొక్క చిత్రమును చూచుచు, సేతుబంధము కడ నిలిచిపోయిరి. అచ్చట ఆంజనేయస్వామి బంగారు మత్స్యకన్యతో సరసములాడుచున్నాడు. వారి కథలో హనుమంతుడు బ్రహ్మచారి కాడు. "ఈయన మన స్వామి కాడమ్మా, ఎవరో వేఱొకరు" అని అత్తగారు ముందునకు సాగిరి.

నది కావలి యొడ్డున అరుణాలయము గలదు. దాని గోపురమున ఇంద్రుడు మూడు తలల యేనుగుపై గూర్చుండియున్నాడు. మన ఐరావతమే వారి యెరావన్. 1917లో త్రివర్ణ పతాకము వచ్చుటకు బూర్వము ఆ దేశపు జెండాపై తెల్లయేనుగు బొమ్మ యుండెడిది. ఏనుగు నింత గౌరవించు దేశము వేఱొకటి లేదని ఆ దినమున మే మనుకొంటిమి.

ఇక భోజనము మాట. ఆ దేశమున వీథివంటలే రుచికరములు గాని, దాదాపు ప్రతి వంటలోను చేపపులుసు నీరు పడును. శాకాహారులు "జే" అను మాట నేర్చుకొనవలెను. పసుపు గుడ్డపై ఎఱ్ఱ అక్షరములతో ఆ మాట వ్రాసియున్న బండ్లకడ మాంసము, చేప, గ్రుడ్డు మాత్రమే కాదు, ఉల్లి, వెల్లుల్లియు వాడరు. అది చూచి అత్తగారి మనస్సు కుదుటపడెను. పచ్చి బొప్పాయిని సన్నని తురుముగా జేసి, మిరపకాయలు, వేరుసెనగలు, తాటిబెల్లము, నిమ్మరసము చేర్చి మట్టిరోటిలో గొయ్యరోకటితో దంచి యిచ్చెదరు. చేపనీరు, ఎండురొయ్యలు వలదని ముందే చెప్పవలెను. బంకబియ్యమును నానవేసి, ఆవిరిపై నుడికించి, చక్కెరయు, చిటికెడుప్పును గలిపిన కొబ్బరిపాలు పట్టించి, మామిడిపండు ముక్కలతో బెట్టెదరు. మన గుంతపొంగణముల పెనమువంటి పెనమొక బండిమీద గనబడెను. బియ్యపు పిండిలో కొబ్బరిపాలు గలిపి ఆ గుంతలలో బోసి, కాలిన రెండు సగముల నొకటిగా నదికి తీయుచున్నారు. ఆ బండి యామెయు, అత్తగారును ఒకరి భాష యొకరికి తెలియకయే పావుగంటసేపు పెనమునుగూర్చి ముచ్చటించుకొనిరి.

మఱునాడు రైలులో అయుతియ నగరమునకు బోయితిమి. అయోధ్య పేరే వారి నోట నట్లయినది. నాలుగువందల యేండ్లకు పైగా రాజధానియై వెలసిన యా పట్టణమును 1767లో బర్మా సైన్యములు తగులబెట్టినవి. శిథిలాలయములలో నొకచోట బుద్ధుని శిరస్సును రావివేళ్లు చుట్టి యెత్తిపట్టుకొనియున్నవి. అడవియేనుగులను తోలితెచ్చి పట్టుటకు టేకుకంబములతో గట్టిన పెద్ద దొడ్డియు ఆ యూర నున్నది.

శిథిలములు చూచి తిరిగి వచ్చునప్పుడు త్రోవలో నొక యేనుగుల శాల కనబడెను. ఎఱ్ఱ పట్టు కప్పి, గొడుగు పట్టిన యంబారీలతో ఏనుగులు నిలిచియుండెను. వానిలో నొకటి కాలిగొలుసుతో అటునిటు ఊగుచుండెను. "అమ్మా, అది నాట్యమాడుచున్నది" అని అమ్మాయి యనగా, "అవునమ్మా" అని మేమును చప్పట్లు కొట్టితిమి. అమ్మాయి పట్టుదల కాదనలేక మావారు సొమ్ము చెల్లించిరి. అత్తగారు క్రిందనే యుండిరి. మేము, అమ్మాయి దానిపై నెక్కి కాలుగంట తిరిగితిమి. దిగి యరటిపండు పెట్టబోవునప్పుడు దాని చెవి వెనుక అంకుశపు పోటున బడిన పచ్చిపుండు కనబడెను. ఏనుగు పండు నందుకొనెను. మా నోట మాట రాలేదు.

ఆ రాత్రి రైలులో ఉత్తరమునకు బోయి, లంపాంగులోని యేనుగుల వైద్యశాలను జూచితిమి. అది 1993లో వెలసినది. 1999లో మందుపాతర త్రొక్కి పాదము పోయిన మోతాలా యను ఆడయేనుగునకు వైద్యము చేసి, 2009లో కృత్రిమ పాదము నమర్చిన దచ్చటనే. అచ్చటి యొక పరిచారిక మాకు వివరముగా జెప్పెను. గొలుసున నున్న యేనుగు ఊగుట నాట్యము కాదు, బంధనమువలన గలుగు మనోవ్యథ. దాని వెన్నుపూసల మొనలు పైకి పొడుచుకొని యుండును గనుక అంబారీ బరువు బాధించును. తల్లి యేనుగు ఇరువదిరెండు నెలలు మోసి కనిన బిడ్డను వేఱుచేసి, మెదలరాని కొయ్యబోనులో గట్టి, కొట్టి, లొంగదీయు వాడుక పెక్కుచోట్ల నుండినది. ఇది విని అత్తగారు పైటచెంగుతో కన్నులు తుడుచుకొనిరి.

"అట్లయిన మావటివాండ్రను చెఱసాలలో బెట్టవలెను" అని మేమంటిమి. ఆమె కాదని తల యూపెను. 1988 నాటి వఱదల పిమ్మట, 1989లో ప్రభుత్వము అడవులు నఱకుట నిషేధించెను. దుంగల నీడ్చు ఏనుగులకును, మావటులకును ఒక్కసారిగా పని పోయెను. ఏనుగునకు దినమునకు నూటయేబది కిలోల మేత కావలెను. బిచ్చమెత్తుటకు బాంకాకు వీథులకు దెచ్చినవారు, సవారీశాలలలో జేరినవారు చాలమంది యా పని పోయినవారే. ప్రేక్షకులు ఎక్కుట మాని, దూరమున నిలిచి చూచుటకే సొమ్ము చెల్లించినచో మావటియు బ్రతుకును, ఏనుగు వెన్నును నిలుచునని యామె చెప్పెను.

కావున సోదరీమణులారా, పిల్లలతో నా దేశమునకు బోయినచో ఏనుగుల నవశ్యము చూడుడు. సవారీ, ఆటలు లేక, గొలుసులు లేక మేత మేయనిచ్చు శాలలును గలవు; ముందే విచారించి వానికే పొండు.

ఇంటికి వచ్చిన పిమ్మట నొక శనివారమున అత్తగారు అలవాటు చొప్పున అమ్మాయికి గజేంద్రమోక్షము చెప్పుచుండిరి. ఏనుగు మొఱపెట్టు చోటికి రాగానే అమ్మాయి, "నానమ్మా, మే మెక్కినదియు మొఱపెట్టి యుండునా?" అని యడిగెను. అత్తగారు మావైపు చూచిరి. "పెట్టియుండునమ్మా, మాకు వినబడలేదు" అని మేమంటిమి.